పంతొమ్మిదేళ్ల పుర్రె

ఉదయం తొమ్మిదీ నలభైకి పశువైద్య కళాశాల ఎముకల మ్యూజియంలో, నీళ్ల బకెట్‌లో, ఒక కుక్క పుర్రె పదిహేడు ముక్కలై కనిపించింది. అది విడదీయాల్సిన పుర్రె కాదు.

విడదీసింది మ్యూజియం చూసుకునే బొమికల బాబాయి. వయసు యాభై రెండు, సర్వీసు ఇరవై ఆరేళ్లు. అసలు పేరు జీతం కాగితం మీద ఉంది. కాలేజీలో దాన్ని ఎవరూ వాడరు. చచ్చిన జంతువుల ఎముకలు ఉడకబెట్టి, శుభ్రం చేసి, తీగతో కట్టి, అద్దాల బీరువాలో నిలబెట్టడం ఆయన పని.

పుర్రె పెద్ద ప్రొఫెసర్ గారి కుక్కది. ప్రొఫెసర్ గారు ఇదే కాలేజీలో ముప్పై ఐదేళ్లు ఎముకల పాఠం చెప్పి రిటైరయ్యారు. ఆయన కుక్క పంతొమ్మిదేళ్లు బతికింది. రెండు నెలల కిందట ఒక స్కూటర్‌ని తరుముతూ వెనకొస్తున్న వ్యాను కింద పడింది. తలకు దెబ్బ తగల్లేదు. పరామర్శకు వెళ్లినవాళ్లందరితో ప్రొఫెసర్ గారు ఒకటే మాట అన్నారు: "పంతొమ్మిదేళ్ల వయసులో స్కూటర్‌ని తరిమిందండీ. మనలో ఎవరం తరమగలం?"

కారణం కూడా ఆయనే చెప్పేవారు. రోజూ ఉదయం ఏడింటికి ఒక ఉడికించిన క్యారెట్. కుక్కకు ఎనిమిదో ఏట పళ్లు తెల్లబడ్డాయని, అది క్యారెట్ మహిమేనని కాలేజీ పత్రికలో నాలుగు పేజీల వ్యాసం రాశారు. పదిహేడో ఏట మళ్లీ తెల్లబడ్డాయి. మళ్లీ రాశారు, ఈసారి ఆరు పేజీలు.

ఆ కుక్క పుర్రెను ఆయన మ్యూజియానికి ఇచ్చారు. షరతు ఒకటే. ఎక్కడా చెక్కు చెదరకూడదు. కింది దవడ కీలులో కూర్చోవాలి, నోరు తెరవాలి, మూయాలి. ఆవిష్కరణ ఆ రోజు సాయంత్రం నాలుగింటికి.

బొమికల బాబాయికి ఇంకో చిక్కుంది. మూడు వారాల కిందట ఆయన గుర్రం అస్థిపంజరానికి వెనక కాళ్లు ఎడమది కుడికి, కుడిది ఎడమకు బిగించాడు. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇది ఎటు వెళ్తోంది?" అని అడిగాడు. ప్రిన్సిపాల్ మేడమ్ బాబాయిని ఆంబోతుల షెడ్డుకు మారుస్తూ కాగితం టైపు చేయించారు. సంతకం మాత్రం పెట్టలేదు. "ఇంకొక్క పొరపాటు," అన్నారు, పెన్ను మూత తీసి చూపించి.

పొరపాటు ఇలా జరిగింది.

పుర్రె చూడ్డానికి ఒకే ఎముకలా ఉంటుంది గానీ, అది చాలా ఎముకల అతుకుల బొంత. ఎముకకు ఎముకకు మధ్య రంపపు పళ్లలా ఒకదాన్నొకటి కరిచి పట్టుకున్న గీతలుంటాయి. వాటిని కుట్లంటారు. విద్యార్థులకు చూపించడానికి ఏటా ఒక పుర్రెను కుట్ల దగ్గర విడదీయాలి. సుత్తి పెడితే చిప్పలవుతుంది. అందుకని పుర్రె వెనక, వెన్నుపాము దిగే రంధ్రంలోంచి ఎండు శనగలు పోసి, కూరి, బిరడా బిగించి నీళ్లలో పడేస్తారు. శనగలు నాని ఉబ్బుతాయి. లోపల్నుంచి అన్ని వైపులా సమంగా తోస్తాయి. తెల్లారేసరికి కుట్లు వాటంతటవే విడిపోతాయి. ఈ పనికి శనగల్ని మించిన పనిముట్టు లేదని బాబాయి అంటాడు.

ముందు రోజు సాయంత్రం బల్ల మీద రెండు కుక్క పుర్రెలున్నాయి. ఒకటి ప్రొఫెసర్ గారిది. రెండోది ఆసుపత్రి వార్డులో పోయిన, ఎవరూ అడగడానికి రాని కుక్కది. సైజు ఒకటే. పుర్రెలకు చీటీ కట్టడం బాబాయికి నామోషీ. "చీటీ చదవడానికి కళ్లు చాలు. బొమిక చదవడానికి బొటనవేలు కావాలి," అనేవాడు. రెంటి నడినెత్తి మీదా బొటనవేలు రాశాడు. ఒకదాని మీద కుట్లు కలిసిపోయి నున్నగా ఉంది. వయసు మీరిన కుక్క. రెండోదాని మీద కుట్లు గోటికి తగిలాయి. మూడేళ్లు కూడా నిండని కుక్క. ప్రొఫెసర్ గారి కుక్కకు పంతొమ్మిదేళ్లని ఊరంతటికీ తెలుసు. కాబట్టి నున్నటిది ఆయనది. బాబాయి నున్నటిదాన్ని బీరువాలో పెట్టి, రెండోదానిలో శనగలు కూరి బకెట్‌లో వేసి, చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లాడు.

కింది దవడలకు మాత్రం చీటీలున్నాయి. కుక్క కింది దవడ రెండు ముక్కలు. గడ్డం దగ్గర కలిసి ఉంటాయి. ఉడకబెడితే ఆ అతుకు కరిగి ఊడుతుంది. రెండు కుక్కలంటే నాలుగు ముక్కలు. అక్కడ బాబాయి కూడా బొటనవేలిని నమ్మడు.

ఉదయం తొమ్మిదింపావుకు ఆయన ప్రొఫెసర్ గారి చీటీ ఉన్న రెండు ముక్కలు తీసి గడ్డం దగ్గర తీగతో కలిపాడు. బీరువాలోంచి నున్నటి పుర్రె తీసి దవడ పెట్టి చూశాడు. కూర్చోలేదు.

కుక్క దవడ కీలు తలుపు బందులాంటిది. దవడ చివర అడ్డంగా ఒక కడ్డీ. చెవి ముందర దానికి సరిపోయే గాడి. కడ్డీ వెనక్కి జారకుండా గాడి వెనక ఒక కొక్కెం. ఆవు దవడలా పక్కకు తిరగదు. పైకీ కిందికీ తప్ప దానికి ఇంకో దారి తెలియదు. ఎడమ వైపు కూర్చోబెడితే కుడి వైపు గోరంత బయట ఉంది. కుడి వైపు నొక్కితే ఎడమది లేచింది. కోరపళ్లు ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి. తీగ వదులు చేశాడు, బిగించాడు, కళ్లజోడు పెట్టుకున్నాడు, తీశాడు. పావుగంట అయింది.

అప్పుడు బకెట్ వైపు చూశాడు. నీళ్లలోంచి చెవి దగ్గరి ఎముకలు రెండూ తీసి తుడిచి, దవడకు పెట్టాడు. రెండు వైపులా టక్కున కూర్చుంది.

బాబాయి స్టూలు మీద కూర్చున్నాడు.

బావమరిది అదే సమయానికి లోపలికి వచ్చాడు. బాబాయి భార్యకు తమ్ముడు. కాలేజీ స్టోర్‌లో గుమస్తా. శనగలు తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోవడానికి వచ్చాడు.

"బావా, అర కిలో రాశాను. నిజంగా పుర్రెలోకేనా, నోట్లోకి కూడా వెళ్లాయా?"

బాబాయి బకెట్ చూపించాడు.

"బాగా విడింది. దానికెందుకా మొహం?"

"ఇది ప్రొఫెసర్ గారిది రా."

బావమరిది బకెట్‌లోకి వంగి చూశాడు. నిటారుగా నిలబడ్డాడు. తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"నాలుగింటికి కదూ?"

"నాలుగింటికే."

"ఆంబోతులకు పొద్దున్నే నాలుగింటికి లేవాలంట బావా. నల్లదాన్ని వెనకనుంచి పలకరించకూడదంట. ముందునుంచి అసలు పలకరించకూడదంట."

"నోరు ముయ్యరా."

"అక్కకి నేను చెప్పనా, నువ్వు చెప్తావా?"

"ముందు జిగురు తే. చెక్క పనివాళ్లు వాడేది, తెల్లది. సన్న కుంచె. ఆరబెట్టడానికేమన్నా."

"ఆరబెట్టడానికి నా దగ్గరేముంది, ఉఫ్ అని ఊదనా?"

"అమ్మాయిల హాస్టల్లో జుట్టు ఆరబెట్టుకునేది ఉంటుంది. వార్డెన్‌ని అడుగు."

"నా నెత్తి చూశావా? బట్టతలోడికి అదెందుకని అడిగితే ఏం చెప్పను?"

"కుక్కకని చెప్పు."

బావమరిది పది నిమిషాల్లో వచ్చాడు. కుక్కకని చెప్పాడట. వార్డెన్ ఇచ్చి, తిరిగి తేవద్దని చెప్పిందట.

పది ఇరవైకి పని మొదలైంది. వెనక తల ఎముక, దానికి నడినెత్తి రెక్కలు, వాటికి చెవి దగ్గరివి, తర్వాత నుదురు, తర్వాత ముక్కు, పై దవడ. కుట్టుకు కుట్టు ఆనించి, కుంచెతో జిగురు పట్టించి, వేలితో అదిమి, రెండొందలు లెక్కపెట్టాలి. రెండొందలు బాబాయి లెక్కపెట్టాడు. గాలి బావమరిది కొట్టాడు. మధ్యాహ్నం ఇద్దరూ అన్నానికి వెళ్లలేదు. బకెట్‌లో మిగిలిన శనగలు తిందామని బావమరిది ఒకటి నోట్లో వేసుకుని, అవి ఎక్కడినుంచి వచ్చాయో గుర్తొచ్చి, కిటికీ దగ్గరికి పరుగెత్తాడు.

"నాకొకటి అర్థం కావట్లేదు రా," అన్నాడు బాబాయి, నూట అరవై దగ్గర. "ఇవి ఇంత తేలిగ్గా విడకూడదు. పంతొమ్మిదేళ్ల పుర్రెలో మణుగు శనగలు కూరినా నెత్తి మీద కుట్టు కదలదు. శనగలే ఓడిపోతాయి."

"నూట అరవై తర్వాత ఎంత బావా?"

"ఆఁ?"

"లెక్క తప్పావ్."

రెండింపావుకు పదిహేడు ముక్కలూ ఒకటయ్యాయి. దూరంనుంచి చూస్తే పుర్రె. దగ్గరనుంచి చూసినా పుర్రే. జిగురు మెరిసిన చోట బాబాయి ఎముక పొడి అద్దాడు. దవడ పెట్టి తెరిచాడు, మూశాడు. కీలు అరవలేదు, జారలేదు.

రెండున్నరకు తలుపు చప్పుడైంది. ప్రొఫెసర్ గారి భార్య. చేతిలో నీలం మఖమలు గుడ్డ. పుర్రె కింద పరచడానికి తెచ్చారు. కాలేజీ లైబ్రరీలో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి, ఎదుటివాళ్లు ఆవలిస్తే పేగులు లెక్కపెడతారు. బల్ల మీద జిగురు చూశారు. కుంచె చూశారు. జుట్టు ఆరబెట్టే యంత్రం చూశారు. బావమరిది నెత్తి చూశారు.

"ఏం చేశారయ్యా?"

బావమరిది స్టోర్‌లో పనుందని వెళ్లిపోయాడు. బాబాయి దాచలేదు. శనగల దగ్గరనుంచి రెండొందల లెక్క దాకా చెప్పాడు. చెప్పి, "ఆంబోతుల దగ్గరికి పంపించేస్తారు అమ్మగారూ. నాకు బతికున్నవంటే భయం," అన్నాడు.

"ఇది మనిద్దరి మధ్యే ఉంటుందిలే. చూడ్డానికి బాగానే ఉంది."

"మీ దయ అమ్మగారూ. ఒక్కటి అడగొచ్చా?"

"అడుగు."

"అది పంతొమ్మిదేళ్ల కుక్క కాదు. మూడేళ్లు కూడా లేవు. బొమిక అబద్ధం చెప్పదు."

ఆమె మఖమలు గుడ్డను బల్ల మీద పరిచారు. ముడతలు తీశారు. మళ్లీ మడిచారు. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"మూడోది," అన్నారు.

"ఆఁ?"

"అది మూడో కుక్కయ్యా. మొదటిది ఎనిమిదో ఏట పోయింది. ఈయన రెండు నెలల సదస్సుకి వెళ్లారు. పోయిందని చెప్తే సదస్సు మధ్యలో వదిలేసి వస్తారు. అదే రంగుది, అదే సైజుది తెచ్చి పెట్టాను. వచ్చాక చెబుదామనుకున్నా. వచ్చీ రాగానే నోరు తెరిచి చూసి, పళ్లు తెల్లబడ్డాయి, క్యారెట్ పనిచేసిందని గంతులేశారు. ఎలా చెప్పను? మర్నాడు వ్యాసం రాయడం మొదలుపెట్టారు."

"మరి రెండోది?"

"తొమ్మిదేళ్లుంది పాపం. ఆయన కంటి ఆపరేషన్‌కి వారం ఆసుపత్రిలో ఉన్నప్పుడు పోయింది. నాకప్పటికి అలవాటైపోయింది."

"కనిపెట్టలేదా అమ్మగారూ? ఎముకల ప్రొఫెసరు గారు కదా!"

"ఆయన చూసింది పుర్రెలయ్యా. కుక్క మొహం ఎప్పుడు చూశారు? ఒకసారి మాత్రం తోక పొడుగైందన్నారు."

"మీరేమన్నారు?"

"క్యారెట్ అన్నాను."

బాబాయి నవ్వలేదు. నవ్వితే పుర్రె చేతిలోంచి జారేలా ఉంది. ఆమె లేచారు. "నీ జిగురు సంగతి నా కడుపులో ఉంటుంది. నా కుక్కల సంగతి నీ కడుపులో ఉండాలి. ఆయనకి తెలిస్తే గుండె ఆగుతుంది. నీకు తెలిసిందని ఆయనకి తెలిస్తే నాది ఆగుతుంది."

"అడక్కపోతే చెప్పను అమ్మగారూ. అడిగితే మాత్రం బొమిక గురించి అబద్ధం చెప్పలేను. ఇరవై ఆరేళ్లలో చెప్పలేదు."

"గుర్రం కాళ్లు?"

"అది పొరపాటు. అబద్ధం కాదు."

నాలుగింటికి మ్యూజియంలో నలభై మంది ఉన్నారు. ప్రిన్సిపాల్ మేడమ్ ముందు వరసలో, ప్రొఫెసర్ గారి భార్య ఆమె పక్కన, బావమరిది తలుపు దగ్గర. ప్రొఫెసర్ గారు క్యారెట్ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. తర్వాత పుర్రెను రెండు చేతుల్లోకి తీసుకున్నారు. చేతిలోకి తీసుకోవడం షరతులో లేదు. బాబాయి ఒక అడుగు ముందుకు వేశాడు.

పుర్రె గలగలమంది.

లోపల ఒక శనగ గింజ ఏదో మూల అతుక్కుని మిగిలిపోయింది. యంత్రం గాలికి ఎండి మళ్లీ రాయిలా అయింది. ప్రొఫెసర్ గారు పుర్రెను చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి ఊపారు. గలగల.

"చెవి ఎముక," అన్నారు ప్రొఫెసర్ గారు. "లోపలి చెవిలో చిన్న ఎముకలుంటాయి. ఎండాక ఊడి ఇలా మోగుతాయి. మామూలే."

"ఇంత గట్టిగానా సార్?" అంది వెనకనుంచి ఒక విద్యార్థిని.

"బలమైన ఎముకమ్మా. ఏం తింటే వచ్చిందో ఇందాక చెప్పాను."

ఆయన బొటనవేలు నడినెత్తి మీదికి వెళ్లింది. కుట్టు మీద ముందుకు నడిచింది. వెనక్కి నడిచింది. ఆగింది. ముప్పై ఐదేళ్ల బొటనవేలు అది. బాబాయి తన బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు.

"కుట్లు కలవలేదు," అన్నారు ప్రొఫెసర్ గారు.

ఆయన భార్య మఖమలు గుడ్డ కొస పట్టుకున్నారు.

"ఈ కుట్లు ఎన్నేళ్లకు కలవాలి? చెప్పండి."

విద్యార్థులు ఎవరి గోళ్లు వాళ్లు చూసుకున్నారు. ప్రొఫెసర్ గారు తలెత్తి గది చుట్టూ చూసి, బాబాయి దగ్గర ఆగారు. "నువ్వు చెప్పు."

"మూడు నాలుగేళ్లకు కలవడం మొదలుపెడతాయండి."

"మరి దీని కుట్లు?"

"కలవలేదండి."

"విన్నారా?" ప్రొఫెసర్ గారి గొంతు లేచింది. "పంతొమ్మిదేళ్ల కుక్క! కుట్లు రెండేళ్ల కుక్కవి! పళ్లే అనుకున్నాను. పుర్రె కూడా ముసలిది కాలేదు!"

చప్పట్లు కొట్టారు. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా కొట్టింది ఆయన భార్య. బావమరిది ఒక ఈల కూడా వేశాడు.

ప్రిన్సిపాల్ మేడమ్ కొట్టలేదు. లేచి వచ్చి పుర్రె అందుకున్నారు. ఆమెది శస్త్రచికిత్స విభాగం. కుట్లను వెలుతురుకు పెట్టి చూశారు. గోటితో ఒకచోట గీకి, గోరు వాసన చూశారు. దవడ తెరిచారు, మూశారు, మళ్లీ తెరిచారు. పుర్రెను మఖమలు గుడ్డ మీద పెట్టి, బాబాయిని కిటికీ దగ్గరికి రమ్మని తల ఊపారు.

"చెక్క జిగురా?"

"అవును మేడమ్."

"ఎన్ని ముక్కలు?"

"పదిహేడు మేడమ్."

"ఎంతసేపట్లో?"

"నాలుగు గంటల్లో. మా బావమరిది గాలి కొట్టాడు."

"కీలు ఎవరు కూర్చోబెట్టారు?"

"నేనే మేడమ్. అది దానంతటదే కూర్చుంటుంది. దాని దవడ దానికైతే."

ఆమె పుర్రె వైపు, దాని పక్కన నిలబడి క్యారెట్ కొలత చెబుతున్న ప్రొఫెసర్ గారి వైపు చూశారు. ప్రొఫెసర్ గారి భార్య ఇటే చూస్తున్నారు.

"ఇది పంతొమ్మిదేళ్లది కాదు కదూ?"

"కాదు మేడమ్."

"ఆయనకి నువ్వు చెప్తావా?"

"నన్ను కుట్ల గురించి అడిగారు, చెప్పాను. వయసు అడగలేదు మేడమ్. మీరు చెప్తారా?"

"నేను ఆయన స్టూడెంట్‌ని. ఎముకల పరీక్షలో నన్ను మూడుసార్లు తప్పించారు. నాలుగోసారి పాసయ్యాను. ఐదోసారి ఆయన ముందు నిలబడే ఓపిక నాకు లేదు."

ఇద్దరూ కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. బయట చూడ్డానికి సైకిళ్ల షెడ్డు తప్ప ఏమీ లేదు.

"ఇకనుంచి పుర్రెలకు కూడా చీటీ కట్టు," అన్నారు ప్రిన్సిపాల్ మేడమ్.

"కడతాను మేడమ్."

"ఆ గుర్రం కాళ్లు కూడా మార్చు."

ఐదూ పదికి ప్రొఫెసర్ గారు మూడో వ్యాసానికి కాగితాలు కావాలని స్టోర్‌కి కబురు పంపారు. బావమరిది రెండు దస్తాలు ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. ఐదూ ఇరవైకి ప్రిన్సిపాల్ గది ప్యూను మేడమ్ ఇచ్చిన బదిలీ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి బొమికల బాబాయి మ్యూజియం తాళం తీసి, గుర్రం వెనక కాళ్ల తీగ విప్పడం మొదలుపెట్టాడు.